తోడు వచ్చినవారి సంతకం

భారతమ్మకు తన పేరు రాయడం ముప్పై రెండో ఏట వచ్చింది. కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేరిన కొత్తలో హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తుంటే పెద్ద సిస్టరు పంకజాక్షి ముఖం ఒకరకంగా పెట్టేదట. దూది చుట్టలో పొరకూ పొరకూ మధ్య నీలం కాగితం వస్తుంది. ఆ కాగితాలు పారేయకుండా దాచుకొని, మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్ల కింద కూర్చొని, నాలుగక్షరాలూ దిద్ది దిద్ది నేర్చుకుంది. చివరి అక్షరం కింది ఒత్తు మాత్రం ఎప్పుడూ గీత దాటి కిందికి జారేది. ఇరవై నాలుగేళ్ళు గడిచినా అట్లాగే జారేది. ఆ ఒత్తును కొంచెం గుర్తు పెట్టుకోండి.

ఆమె ఇల్లు పాకాలలో, స్టేషనుకు అవతలి పక్క. ఇంటి వెనక రేకుల గదిలో నేను ఉంటాను. ఉంటానంటే, ఏడాదిలో నాలుగైదు నెలలు. తక్కిన కాలం కాళ్ళు ఎటు లాగితే అటు. పాకాల జంక్షను కాబట్టి ఎటు పోవాలన్నా ఏదో ఒక బండి దొరుకుతుంది, అందుకే ఈ ఊరు పట్టుకున్నాను. ధర్మవరం వైపు మీటర్ గేజి ఉన్న రోజుల్లో ఆ బండి ఎంత మెల్లగా పోయేదంటే, దిగి సీతాఫలాలు కోసుకొని మళ్ళీ అదే పెట్టెలోకి ఎక్కినవాళ్ళను చూశాను. సరే, అది వేరే కథ.

ఆసుపత్రి పాకాలకు బస్సులో గంట దూరం. దాని పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళు ఆ ఒక్కదాని మీదే కోపం తెచ్చుకొని ఊరుకుంటారు.

ఆ వార్డులో ఒక అలవాటు ఉండేది. కాన్పుకు వచ్చిన ప్రతి ఆడమనిషి కేసు షీటులో నాలుగైదు కాగితాలు ఉంటాయి. మత్తుకు ఒకటి, కోతకు ఒకటి, రక్తానికి ఒకటి, బిడ్డ పుట్టాక, వెంటనే మళ్ళీ గర్భం రాకుండా, గర్భసంచిలో కాపర్-టీ వేయడానికి ఒకటి. ప్రతిదాని అడుగునా రెండు గీతలు. మొదటిది ఆమెది. రెండోది తోడు వచ్చినవారిది. నొప్పుల్లో ఉన్న మనిషి చేతికి పెన్ను ఇవ్వడం దండగని మొదటి గీత ఖాళీగా వదిలేసేవాళ్ళు. తోడు వచ్చిన అత్త పంపు దగ్గర గుడ్డలు పిండుతూ ఉంటుంది, మొగుడు టీకి పోయి ఉంటాడు. పెద్ద డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చేలోపల రెండో గీతైనా నిండాలి. అందుకని పంకజాక్షి సిస్టరు కట్ట పట్టుకొని కేకేసేది.

“భారతీ! యాడ సచ్చినావు? రా, వచ్చి ఆరు గీకి పో.”

భారతమ్మ వచ్చేది. గ్లవుసు విప్పి, చెయ్యి కొంగుకు తుడుచుకొని, సిస్టరు వేలు పెట్టిన చోట గీకేది. అందులో ఎవరికీ లాభం లేదు, ఎవరినీ ముంచుదామనీ లేదు. నేల తుడవడం, బేసిన్లు కడగడం, పాత దుప్పట్లు లెక్కేసి చాకలికి వేయడం లాగా అదీ ఒక పని.

ఇంకో పని, కాన్పు బల్ల దగ్గర తల వైపు నిలబడడం. డాక్టరూ సిస్టర్లూ కాళ్ళ వైపు ఉంటారు. పడుకున్న మనిషికి కనిపించేది పైన ఫ్యాను, భారతమ్మ గడ్డం. ఏదన్నా అడగాలంటే ఆ గడ్డాన్నే అడగాలి. ఏం జేస్తా ఉండారు? సూది ఎందుకు? కోసినారా? బిడ్డ ఏడవలేదే? వీటన్నిటికీ భారతమ్మ దగ్గర ఒకటే జవాబు. “ఏం లేదమ్మా, ఏం లేదు.” అరవ దేశం సరిహద్దు నుంచి వచ్చినవాళ్ళకైతే “ఒన్నుమిల్లమ్మా.” ఆ జవాబు విని ఆడవాళ్ళు నిజంగానే కొంచెం నిమ్మళించేవాళ్ళట. అందుకే ఆమెకు ఆ వార్డులో మంచి పేరు.

మా ఊళ్ళో, నా చిన్నతనంలో, ఒక మంత్రసాని ఉండేది. గోడకు ఇవతల మేము పిల్లలం ఆడుకుంటుంటే ఆమె గొంతు వినిపిస్తూనే ఉండేది. ఇప్పుడు నూనె రాస్తా తల్లీ, ఇప్పుడు చెయ్యి పెడతా, కొంచెం మంట పుడతాది, పెట్టేదా? ఇట్లా ప్రతిదీ చెప్పి చేసేది, అడిగి చేసేది. దీన్నిబట్టి ఆ కాలం బంగారమని అనబోవడం లేదు. మా పిన్ని ఆమె చేతుల్లోనే పోయింది, బిడ్డతో సహా. చెప్పడం ఒకటి, బతికించడం ఒకటి. రెండూ ఒకేచోట ఎందుకు ఉండకూడదో తెలుసుకుందామని చాలా పుస్తకాలు తిరగేశాను. వాటిలో ఎక్కడా రాసి లేదు.

సుజన భారతమ్మకు ఒక్కతే కూతురు. భర్త పోయాక ఈ ఆయా పని మీదే ఇంటరు దాకా చదివించి, పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మునికుమార్‌కు ఇచ్చింది. అతను దూరపు వరసకు మేనల్లుడే. తొలికాన్పు పుట్టింటిది కాబట్టి తన వార్డులోనే చేర్చుకుంది. నేనుండగా నా బిడ్డకేం భయం అనుకుంది. కాన్పు రోజు సెలవు అడిగితే, ఇంకో ఆయా రాలేదని సిస్టరు ఇవ్వలేదు. కాబట్టి ఆ రోజు భారతమ్మ తల్లీ, ఆయా కూడా.

పదకొండు గంటలకు కట్ట వచ్చింది. ఆరు షీట్లు. కూతురి తల దగ్గర నుంచి వచ్చి, ఆరూ గీకి, మళ్ళీ కూతురి తల దగ్గరికి పోయింది.

పన్నెండుంబావుకు ఆడబిడ్డ పుట్టింది. మాయ పడింది. డ్యూటీ డాక్టరమ్మ చెయ్యి మళ్ళీ లోపలికి పోయింది. సుజన బల్ల మీద నుంచి ఎగిరినంత పని చేసింది.

“ఏం జేస్తా ఉండారు మా?”

“ఏం లేదు పాపా. ఊరికే కడుగుతా ఉండారు.”

“నొస్తా ఉండాది. ఆపమను.”

“ఏం లేదు, ఏం లేదు. అయిపాయ.”

అయిపోయింది. బిడ్డను చూశారు, ఇంటికి వచ్చారు. డిశ్చార్జి కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి భారతమ్మ పెట్టె అడుగున దాచింది. మన ఆసుపత్రిదే కదా, ఇంకెవరు చదవాలి అని.

బిడ్డకు రెండేళ్ళు నిండాక సుజన ఇంకొకరు కావాలనుకుంది. ఏడాదిన్నర గడిచినా కాలేదు. అత్త నోరు ఊరుకోలేదు. “ఒక్క కాయకే చెట్టు ఎండిపాయనే” అని పంపు దగ్గర నలుగురిలో అనింది. భారతమ్మ తనే ఒక నాటువైద్యుడి దగ్గరికి పోయి వేరుముక్క తెచ్చి, నూరి, మూడు మంగళవారాలు పరగడుపున కూతురికి తాగించింది. అది తాగి సుజన వాంతి చేసుకుంటే వీపు నిమిరింది కూడా ఆమే.

చివరికి మునికుమార్ తిరుపతిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె స్కానింగు చేస్తూ ఆగి అడిగిందట.

“కాపర్-టీ ఎప్పుడు వేయించుకున్నావమ్మా?”

“నేను వేయించుకోలేదు మేడమ్.”

డాక్టరమ్మ తెరను ఇటు తిప్పింది. బూడిదరంగు మధ్యలో తెల్లగా, అగ్గిపుల్లలో సగమంత ఉంది. మూడున్నరేళ్ళుగా ఉంది. ఆ వారంలోనే తీసేశారు. తీసేటప్పుడు ఆ డాక్టరమ్మ ప్రతిదీ చెప్పి చేసిందని సుజన నాతో తర్వాత ఒకసారి అంది. అది చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతులో ఏమీ లేదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టే చెప్పింది.

కాగితం మీద ఎవరో ఒకరి సంతకం లేకుండా వేయరని ఆ డాక్టరమ్మే చెప్పింది. సుజన తనకు తనే తేల్చుకుంది. లోపల తనతో ఉన్నది అమ్మ. బయట ఉన్నది మొగుడూ అత్తా. సంతకం బయట ఉన్నవాళ్ళదే. మునికుమార్ కాదన్నాడు. “నేను లోపలికే రాలేదు, నాకు పెన్నే ఇయ్యలేదు” అన్నాడు. ఆమె వినలేదు. బిడ్డను ఎత్తుకొని పాకాలకు వచ్చేసింది. ఫోను చేస్తే తీయలేదు. నెల దాటింది.

ఆ నెలంతా భారతమ్మ కూతురికి వండిపెట్టింది, మనవరాలికి తల దువ్వింది, బస్సెక్కి డ్యూటీకి పోయి వచ్చింది. తన సంతకమేనని ఆమెకు తెలుసా అంటే, తెలుసు, తెలియదు. ఆరూ గీకింది కదా అని కడుపులో ఒక మూల ఉంటుంది. దాన్ని బయటికి తీసి చూడలేదు.

ఒకరోజు పొద్దున సుజన బిడ్డను అంగన్‌వాడీలో దించడానికి పోయిన అదను చూసి మునికుమార్ వచ్చాడు. ఆసుపత్రిలో అర్జీ పెట్టి, నాలుగుసార్లు తిరిగి, కేసు షీటులోని ఆ కాగితానికి జిరాక్సు తెచ్చాడు. వసారాలో నిలబడే ఇచ్చాడు.

“అత్తా, ఇది నీ కాడ ఉండనీ.”

ఆమె చూసింది. ఒత్తు గీత దాటి కిందికి జారి ఉంది.

“సుజనకు సూపించినావా?”

“లేదు.”

“ఎందుకు సూపించలేదు నాయనా? నీ తప్పు లేదని తెలుస్తాది గదా.”

“నా మింద కోపమొస్తే నీ ఇంటికొచ్చింది. నీ మింద గూడా వస్తే యాడికి పోతాది అత్తా?”

కాఫీ తాగమంటే వద్దని బండెక్కి వెళ్ళిపోయాడు.

భారతమ్మ ఆ కాగితం పట్టుకొని వెనక గదికి వచ్చింది. నేను చెప్పులకు మొలలు కొట్టుకుంటున్నాను. “అన్నా, ఇది ఇంగ్లీషులో ఉండాది, సదువు” అంది. అల్లుడితో జరిగిన మాటా చెప్పింది.

చదివాను. తెలుగులో చెప్పాను. “‘ఇది ఏమిటో, ఎందుకు వేస్తారో, ఎన్నేళ్ళు పనిచేస్తుందో, ఎప్పుడు తీయించుకోవచ్చో నాకు తెలిసిన భాషలో వివరించారు. వద్దనే హక్కు నాకు ఉందని చెప్పారు. ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టంతో ఒప్పుకుంటున్నాను.’ అంతే భారతమ్మా.”

“ఇంకోసారి సదువు.”

ఇంకోసారి చదివాను.

“ఇదంతా ఈ కాగితంలోనే ఉండాదా?”

“ఉంది.”

“నేను పెట్టిన అన్నింట్లో?”

“కాపర్-టీది అయితే అన్నింట్లో ఇదే ఉంటుంది.”

ఆమె సిమెంటు గట్టు మీద కూర్చుంది. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకొని చదును చేసింది, మడత లేకపోయినా.

“ఆ నెల అందరికీ వేస్తా ఉన్న్యారన్నా. పైనుంచి చెప్పినారంట. అందరికీ అంటే సుజనకు గూడా అని నాకు తట్టలేదు.”

“కట్టలో ఆ పిల్ల పేరు చూడలేదా?”

“సిస్టరు వేలు సూసినా.”

నేను గుళ్ళ గోడల మీద శాసనాలు చదువుతూ చాలా ఏళ్ళు వృథా చేసినవాణ్ణి. భూమి ఇచ్చినవాడి పేరు ఉంటుంది, పుచ్చుకున్నవాడి పేరు ఉంటుంది, చివర సాక్షుల పేర్లు వరసగా ఉంటాయి. ఆ సాక్షులకు శాసనంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా అనే ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు. ఆ భూమి దున్నేవాడి పేరు నేను చూసినవాటిలో లేదు. ఇది భారతమ్మతో అనలేదు. ఆమె అడగలేదు కూడా. కాగితం నాలుగు మడతలు చేసి జాకెట్లో పెట్టుకొని లేచిపోయింది.

మూడు రోజులు అట్లాగే తిరిగింది. చెప్తే కూతురు పోతుంది. చెప్పకపోతే అల్లుడు చెయ్యని పనికి నింద మోస్తూనే ఉంటాడు, సంసారం పోతుంది. దీన్ని ఆమె నాతో చర్చించలేదు. బావి దగ్గర తోమిన గిన్నె మళ్ళీ తోముతుంటే చూసి నేనే అనుకున్నాను.

నాలుగో రోజు ఆదివారం. అనపకాయల కాలం. ముందురోజు నానబెట్టిన గింజలు పళ్ళెంలో పోసుకొని తల్లీ కూతుళ్ళు వసారాలో పితుకుతున్నారు. బొటనవేలితో నొక్కితే పప్పు తోలు వదిలి టప్పున ఎగురుతుంది. నేను తలుపు తీసే ఉంచుకున్నాను, మూసుకొని ఉండాల్సింది.

“సుజనా.”

“ఊ.”

“ఆ సంతకం నాది.”

“ఏ సంతకం?”

“కాపర్-టీది. కుమారు పెట్టలేదు. మీ అత్తా పెట్టలేదు. నేను పెట్టినా.”

సుజన చేతులు ఆగలేదు. పప్పు ఒక పక్క, తోలు ఒక పక్క పడుతూనే ఉన్నాయి.

“తెలిసే పెట్టినావా?”

“తెలీదు. అడగలా. ఎప్పుడూ అడగలా.”

“మరి కడుగుతా ఉండారంటివే?”

“అనింటాను.”

“అనింటావా?”

“అన్నాను.”

“లోపల ఏందో పెట్టేది సూసినావా?”

“సూసినా.”

“ఆపమని అడిగినా నేను.”

“అడిగినావు.”

పళ్ళెంలో తోలు కుప్ప పెరిగింది. తర్వాత సుజన అడిగింది.

“ఇంకెంతమందికి అట్ల చెప్పినావు మా?”

“అందరికీ.”

“ఆ వేరుముక్క గూడా నువ్వే తెస్తివి.”

సుజన మిగిలిన గింజలన్నీ పితికింది. పప్పు కడిగి, గిన్నెలో వేసి, పొయ్యి మీద పెట్టింది. బిడ్డకు గౌను మార్చి, సంచి సర్దుకొని, మూడు గంటల బస్సుకు పూతలపట్టు వెళ్ళిపోయింది. పోతూ పోతూ నాకు చెప్పింది, “పోయొస్తా మామా” అని. తల్లికి చెప్పలేదు.

ఆ పూట భారతమ్మ నాకు కూడా పులుసు పెట్టింది. అందులో ఉప్పు లేదు. ఇద్దరం తిన్నాం.

మరుసటి రోజు డ్యూటీకి పోయింది. కట్ట వచ్చింది. “నాకు చెయ్యి నొప్పి సిస్టర్” అంది. “సంతకానికి గూడా నొప్పేనా? మహారాణి!” అని సిస్టరు ఇంకో ఆయాను పిలిచింది. ఆ పిల్ల గీకింది. అక్కడ ఇంకేమీ మారలేదు. బల్ల దగ్గర తల వైపు నిలబడినప్పుడు మాత్రం, ఎవరన్నా అడిగితే భారతమ్మకు ఏం చెప్పాలో తెలిసేది కాదట. ఏం లేదు అని నోటిదాకా వచ్చేది. అది మింగితే ఇంకో మాట వచ్చేది కాదు. చెయ్యి పట్టుకొని ఊరకుండేది. ఈ ఆయాకు మాటలు రావా అని ఒకామె విసుక్కుందని నాకు చెప్పింది.

నేను ఆ మధ్య ఒరిస్సా వైపు పోయి చాన్నాళ్ళు తిరిగి వచ్చాను. వచ్చేసరికి సుజనకు ఏడో నెల. తల్లికి ఆ కబురు మునికుమారే చెప్పాడు. సుజన మాట్లాడలేదు. మనవరాలు మాత్రం ఆదివారాలు ఫోనులో మాట్లాడేది. వెనక నుంచి సుజన గొంతు, “చాలు, పెట్టేయ్” అని వినిపించేది. ఆ రెండు మాటల కోసం భారతమ్మ ఆదివారం డ్యూటీ మార్చుకునేది.

నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే మునికుమార్ ఫోను చేశాడు. తిరుపతిలో ఆసుపత్రి.

“అత్తా, రా.”

“సుజన రమ్మనిందా?”

“రావద్దని అనలా.”

నేనూ వెంట పోయాను. రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుంది. తిరుపతిలో దిగేటప్పుడు, “అన్నా, నా కాడ పెన్ను లేదు గదా?” అంది. లేదన్నాను.

వరండాలో బెంచీ మీద సుజన అత్త ఉంది. భారతమ్మను చూసి కొంచెం జరిగింది, కూర్చోనివ్వడానికో, తగలకుండా ఉండడానికో.

“ఏం వదినా, పెన్ను తెచ్చుకుంటివా?” అంది.

భారతమ్మ బెంచీ చివర కూర్చుంది.

పదిన్నరకు మునికుమార్ మందుల చీటీ పట్టుకొని కిందికి పోయాడు. అతను అటు పోగానే తలుపు తెరుచుకుంది. చిన్న వయసు సిస్టరు, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు.

“సుజన తాలూకు ఎవరు? సంతకం పెట్టాలి, త్వరగా.”

“ఈమెను అడుగమ్మా,” అంది అత్త. “సంతకాలు బాగా పెడతాది.”

సిస్టరు అట్ట తెచ్చి భారతమ్మ ముందు పెట్టి, వేలితో గీత చూపించింది. భారతమ్మ ఆ వేలిని చూసింది.

“ఏంటికిది?”

“రొటీన్ మా. ఏం లేదు.”

భారతమ్మ కుడిచెయ్యి తీసి తొడ కింద పెట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

“అది నాది గాదు తల్లీ. లోపల ఉండే ఆమెది. ఆమెను అడగండి.”

“నొప్పుల్లో ఉంది. ఆమెనేం అడిగేది?”

“నొప్పికీ నొప్పికీ మధ్యలో ఖాళీ ఉంటాది. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో. ఆ ఖాళీలో మనిషి బాగానే ఉంటాది. అన్నీ తెలుస్తాయి. అప్పుడు సదివి వినిపించండి.”

“మీరెవరు?”

“తల్లిని. ఆయాను గూడా.”

సిస్టరు ఆమెను ఒకసారి, అత్తను ఒకసారి చూసింది. ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. లోపల అడిగారో, ఇంకో ఆయాతో గీకించారో మాకు తెలియదు. గోడ మీద గడియారం ఉంది, దాన్ని చూస్తూ కూర్చున్నాం. మునికుమార్ మందులతో వచ్చి ఏమైందని అడిగితే, “ఏం...” అని మొదలుపెట్టి భారతమ్మ ఆగిపోయింది. “కాగితం లోపలికి పంపినా నాయనా” అంది.

మధ్యాహ్నం బిడ్డ పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే. ఇద్దరూ బాగున్నారని చెప్పారు.

నాలుగు గంటలకు చూడనిచ్చారు. అత్తా, మునికుమారూ చూసి వచ్చాక భారతమ్మ పోయింది. తలుపు దగ్గర నేను. ఆమె మంచం తల వైపు పోలేదు. కాళ్ళ వైపు నిలబడింది, సుజనకు ముఖం కనిపించేట్టు. సుజన కళ్ళు తెరిచే ఉంది. ఏడాదికి పైగా ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

“అడిగినారా?” అంది భారతమ్మ.

“ఊ.”

“సదివి వినిపించినారా?”

“వినిపించినారు.”

“ఏం జెప్పినావు?”

సుజన బిడ్డ మీది గుడ్డ సరిచేసింది.

“అది నీకెందుకుమా.”

భారతమ్మ తల ఊపింది. ఫ్లాస్కు మూత తిప్పి గ్లాసులోకి పాలు వంచింది. ఇవ్వబోయి, చెయ్యి ఆపింది.

“పాలు. వేడిగా ఉండాయి. ఇచ్చేదా?”

సుజన కొంతసేపు గ్లాసు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది.